పూటకూటి యింటినుండి దర్శిని వఱకు

అంగడిలో అన్నము నమ్ముట నేటి నాగరకత తెచ్చిన క్రొత్త వింత యని పలువురు తలంతురు. అది సరి కాదు. ఓరుగల్లు వీథులను వర్ణించిన క్రీడాభిరామమునందే పూటకూటి యిల్లు కలదు. రూక యిచ్చినవానికి అచట కమ్మని భోజనము దొరకెడిది. ఈ కాలమున క్రొత్తగా వచ్చినది వేగము. ఊరూర ఒకే పేరు, ఒకే రుచి, ఒకే పద్ధతి యుండుట, వచ్చినవాడు నిమిషములలో తిని వెడలుట, దీనినే నేడు ఫాస్ట్ ఫుడ్ అనుచున్నారు.

అమెరికాలో 1921లో విచిటా నగరమున వెలసిన వైట్ కాసిల్ ఈ పద్ధతికి మొదలు. 1948లో మెక్‌డొనాల్డ్ సోదరులు శాన్ బెర్నార్డినోలోని తమ హోటలులో వడ్డించువారిని మాని, వంటను కర్మాగారపు పనివలె తలకొక భాగముగా పంచిరి. 1955 మొదలుకొని రే క్రాక్ దానిని దేశమంతట వ్యాపింపజేసెను. ఐనను అన్ని దేశములును ఆ రుచికి తల యొగ్గలేదు. ఫిలిప్పీన్స్‌లో 1975లో ఐస్‌క్రీము అంగడిగా పుట్టిన జాలిబీ, తీపి కలిపిన స్పగెట్టీని, అన్నముతోడి కోడివేపుడును అమ్మి, ఆ దేశమున మెక్‌డొనాల్డ్స్‌నే మించినది. గ్వాటెమాలాలో 1971లో మొదలైన పోయో కాంపెరో పొరుగు దేశములకు ప్రాకినది. మెక్‌డొనాల్డ్స్ సైతము 1996లో మన దేశమునకు వచ్చునపుడు గోమాంసమును, పందిమాంసమును విడిచియే రావలసివచ్చెను. పరదేశపు అంగడియైనను నిలువదలచినచో ఊరివారి నాలుకను అడుగక తప్పదు.

మన కన్నడ సీమలో ఈ పని అంతకు పూర్వమే జరిగినది. ఉడుపి మఠముల వంటశాలలలో చేయి తిరిగినవారును, ఆ సీమనుండి బ్రదుకు తెరువునకై వెడలినవారును పట్టణములలో హోటళ్లు పెట్టిరి. బెంగళూరులో 1924లో యజ్ఞనారాయణ మయ్యయు, ఆయన సోదరులును స్థాపించిన బ్రాహ్మణ కాఫీ క్లబ్బే తరువాత మావళ్ళి టిఫిన్ రూమ్స్ అయినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బియ్యమునకు కరవు రాగా, అచట రవ్వతో ఇడ్లీ చేసి చూచిరి. ఆ రవ్వ ఇడ్లీ నేడు దేశమంతటి ఫలహారము. 1983లో జయనగరమున ఆర్. ప్రభాకర్ పూనికతో కెఫె దర్శిని వెలసినది. ముందుగా డబ్బు చెల్లించి చీటీ గైకొనుట, తామే పళ్లెము తెచ్చుకొనుట, నిలుచుండియే తినుట దాని రీతి. ఆ పేరు ఒకరి సొత్తుగా నిలువలేదు. ఎవరి పెట్టుబడితో వారు, ఎవరి వంటతో వారు వీథివీథిని దర్శినులు తెరచిరి. యజమాని యొకడు లేని గొలుసు ఇది. 1995లో బెంగళూరున కె.ఎఫ్.సి. తెరచినప్పుడు రైతు సంఘమువారు గట్టిగా ఎదిరించిరి. 1996 జనవరిలో ఆ అంగడిపై దాడియు జరిగెను. ఆ కలహముల నడుమ దర్శినులు మాత్రము చడీచప్పుడు లేక పెరుగుచునే వచ్చినవి.

ఈ చరిత్రలో రుచికంటె పెద్ద మాట మఱొకటి కలదు. బ్రాహ్మణ కాఫీ క్లబ్బు అను పేరే ఆనాటి లోకరీతిని చెప్పుచున్నది. ఎవరు ఎచట కూర్చుండవచ్చునో, ఎవరు గడప వెలుపల నిలువవలెనో కులమే నిర్ణయించెడిది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము, కులము కారణముగా ఎవరిని గాని ఉపాహారశాలలలోనికి రానీయకుండుట కూడదని శాసించినది. శాసనము పుస్తకమున నుండుట వేఱు, వాడుకలోనికి వచ్చుట వేఱు. దర్శినిలో గుండ్రని బల్ల చుట్టును ఎవరి ప్రక్క ఎవరు నిలిచినదియు అడుగువారు లేరు. అందరి పళ్లెములును ఒక్క తొట్టిలోనే పడును.

ఇక మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సంగతి. 2007లో కోలారునుండి విడివడి యేర్పడిన ఈ జిల్లాలో, తెలుగు కన్నడములు రెంటను కీర్తనలు పాడిన కైవారము నారాయణ తాతయ్య వారసులము మనము. హైదరాబాదునుండి బెంగళూరునకు పోవు 44వ జాతీయ రహదారి బాగేపల్లి, చిక్కబళ్ళాపురముల మీదుగానే సాగుచున్నది. దారి ప్రక్క హోటళ్ల పలకలపై ఇడ్లీ, దోసె, పూరీ కలవు. సందెవేళ తోపుడు బండ్లపై నూడుల్సు, గోబీ మంచూరియా కలవు. ఆ గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు కలుపరాదని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము నిషేధింపవలసి వచ్చెను.

మన యిండ్ల రాగి సంగటి మాత్రము ఆ పలకలపై అరుదు. రాగి ఇథియోపియా, ఉగాండా ఎత్తు భూములలో పుట్టి, వేల యేండ్ల క్రిందట మన దేశము చేరి, మనదైపోయినది. బెంగళూరు మిలిటరీ హోటళ్లలో ముద్దె యను కన్నడపు పేరుతో దానికి గౌరవము దక్కినది. చలికాలమున మనము అనపగింజలు నానవేసి, తోలు ఒలిచి వండు పితికిపప్పును కన్నడిగులు హితికిద బేళె యందురు. పాలు హాలు అయినట్లే, పులి హులి అయినట్లే, తెలుగు పకారము అచట హకారమైనది. రెండు భాషల చుట్టఱికము ఒక్క కూరలో తెలియుచున్నది.

ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు పట్టణములవారు రాగిని క్రొత్తగా కనుగొన్నట్లు మురిసిరి. మనకది ప్రతిదిన భోజనము. ఐనను మన పిల్లలలో పలువురకు ఇపుడు సంగటి రుచి తెలిసినను ఆ పేరు నోట రాదు. బడిలో కన్నడము, కొలువులో ఇంగ్లీషు నేర్చుట అవసరమే. తెలుగునకు మిగిలిన చోటు వంటిల్లు. అచటి పేర్లును పోయినచో మఱి దేనిని పట్టుకొని నిలుతుము?

కావున మన యువకులెవరైన ఈ మూడు ఊళ్లలో భోజనశాల తెరచినచో, సంగటికి, పితికిపప్పునకు, ఉప్పుసారునకు పలకపై చోటీయవలెననియు, కన్నడపు పేరు ప్రక్కనే తెలుగు పేరును వ్రాయవలెననియు మా మనవి. అంతవఱకు పెద్దలు ఇంట వడ్డించునపుడెల్ల ఆ పేర్లు పలికి వడ్డింతురు గాక.