ఎనిమిది సెకన్ల లెక్క

కొంచెం ఇటు జరగండి బిడ్డా, పొగ అటు కొడుతున్నది. ఇయ్యాల చెప్పేది పొడుగు ముచ్చట. మూడు వారాలు నడిచిన సైకిలు పందెం. 3,285 కిలోమీటర్లు తొక్కినంక మొదటోనికీ రెండోవానికీ తేడా ఎనిమిదంటే ఎనిమిది సెకన్లు. 1989ల టూర్ ద ఫ్రాన్స్ సంగతి. ఆ పందెంల అంత తక్కువ తేడాతోని గెలిచినోడు అంతకుముందు లేడు, ఆ తర్వాతా రాలేదు.

మా చిన్నతనంల సైకిలు పందెమంటే ఏముండె? ఊరికి సైకిలు ఫీటు చేసేటోడు వచ్చేది. బడి ముందటి ఖాళీ జాగల గుంజలు పాతి, తాడు కట్టి, మైకు పెట్టి, వారం రోజులు కాలు కింద మోపకుండ గుండ్రంగ తిరిగేటోడు. తిండి సైకిలు మీదనే, స్నానం సైకిలు మీదనే. రాత్రిపూట ట్యూబులైటు ఛాతి మీద పగలగొట్టిచ్చుకునేది. మేము చారాణో అర్ధరూపాయో వేసి, నిద్ర ఆపుకొని చూసేటోళ్లం. పాపం, ఆయన పోటీ ఎవలతోని? తన నిద్రతోని, తన ఆకలితోని. ఎదురుంగ ఇంకో మనిషి లేడు.

నేను సైకిలు షాపుల చైన్లు కడుక్కుంట, పుల్లలు బిగిచ్చుకుంట పెరిగినోణ్ణి. ఎదురుంగ ఇంకో మనిషుండి, ఆ మనిషి కూడ నీ అంత మొండోడైతే ఎట్లుంటదో నాకు ఈ టూర్ ద ఫ్రాన్స్ చూసినంకనే తెలిసింది. మా చిన్నోడు ఫోనుల ఆఖరి రోజు పందెం పెట్టి చూపిచ్చిండు. ఇగ అప్పటిసంది నన్ను వదల్లేదది.

ముందుగాల పద్ధతి తెలవాలె. మూడు వేల చిల్లర కిలోమీటర్లంటే, ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగ భద్రాచలం పోయి మళ్లొచ్చుడు పదమూడు పద్నాలుగు సార్లు. అది ఒక్క పూటల అయ్యేది కాదు. రోజుకొక ఊరినుంచి ఇంకో ఊరికి. ఎవలికి ఎంత టైము పట్టిందో ఆ రోజుకారోజు రాస్తరు. తునికాకు కల్లం కాడ ఏ పూట కట్టలు ఆ పూట లెక్కరాసి, ఆకు బందయినంక మొత్తం జమ కట్టినట్టు. తక్కువ టైము జమ అయినోడు గెలిచినట్టు. అప్పటివరకు లెక్కల ముందున్నోనికి పసుపుపచ్చ బనీను ఇస్తరు. తెల్లారి వేరేవాడు దాటిపోతే బనీను వానికి. ఆ ఏడు 198 మంది బయలెల్లిండ్రు, 138 మంది పారిస్ చేరిండ్రు. మనకు కావాల్సింది ఇద్దరు.

ఒకడు గ్రెగ్ లెమాండ్, అమెరికా పిల్లగాడు. 1986ల ఈ పందెం గెలిచిండు, గెలిచిన మొదటి అమెరికావోడు. ఆయన గెలిచింది జులైల. తర్వాతి నెలనే మన గోదారి భద్రాచలం కాడ 75.6 అడుగులకొచ్చింది, ఏడు మర్చిపోకుండ నాకదొక గుర్తు. మరుసటేడు ఏప్రిల్‌ల లెమాండ్ కాలిఫోర్నియాల టర్కీ కోళ్ల ఏటకు పోయిండు. పొద మాటున కదిలింది పిట్ట అనుకొని సొంత బావమరిదే కాల్చిండు. ఒళ్లంత సీసపు గుండ్లు. ఇంకొంచెం ఆలస్యమైతే నెత్తురు కారే పోయేటోడు. డాక్టర్లు తీయగలిగినన్ని తీసిండ్రు, ముప్పైకి పైగా లోపలనే ఉండిపోయినయి, గుండె పొరల కూడ ఉన్నయి. రెండేండ్లు ఎక్కడా సరిగ తొక్కలేకపోయిండు.

రెండోవాడు లోరాన్ ఫిన్యోన్. పారిస్ వాడు. కళ్లద్దాలు, ఎనకకు కట్టిన పిలక, అందరు ప్రొఫెసర్ అని పిలిచేది. 1983ల, 84ల వరుసగ గెలిచినోడు. 1984ల లెమాండ్ ఇతని జట్టుల మనిషే, మూడోడిగ వచ్చిండు. ఇద్దరికి గురువు ఒక్కడే, సిరిల్ గిమార్. 1989 జూన్‌ల ఇటలీ పందెం ఫిన్యోన్ గెలిచిండు. అదే పందెంల లెమాండ్ ముప్పై తొమ్మిదోడు. నెల తిరిగేసరికి లెక్క మారుతదని ఎవలనుకుంటరు?

అంతకుముందటేడు టూర్ గెలిచిన పెడ్రో డెల్గాడో మొదటి రోజే బయలెల్లే జాగకు 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగ వచ్చిండు. గడియారం ఆయన కోసం ఆగలేదు. చివరికి 3 నిమిషాల 34 సెకన్ల తేడాతోని మూడోడయ్యిండు. ఆ పూట టైముకొచ్చుంటే ఈ ముచ్చట ఎట్లుండేదో.

ఇగ లెక్కలకు రండి, ఇదే నాకు పానం. రెండో దినం జట్లు జట్లుగ తొక్కే పోటీ. ఫిన్యోన్ జట్టు గెలిచింది, లెమాండ్‌ది బలం లేని జట్టు, 51 సెకన్లు ఎనకబడ్డది. తర్వాత రెన్ ఊరికి 73 కిలోమీటర్లు ఒక్కొక్కడే తొక్కుడు. లెమాండ్ 56 సెకన్లు తీసుకొచ్చిండు, 5 సెకన్ల మీద పసుపు బనీను ఆయనది. పిరనీస్ గుట్టల మీద, సూపర్‌బాన్యేర్ ఎక్కుడు కాడ ఫిన్యోన్ 12 సెకన్లు గుంజిండు, బనీను 7 సెకన్ల మీద అటు పోయింది. ఆల్ప్స్‌ల ఓర్సియేర్ గుట్టకు మళ్ల ఒంటరి తొక్కుడు. లెమాండ్‌కు 47 వచ్చినయి, 40 ముందు. బ్రియాన్సోన్ కాడ ఇంకో 13, మొత్తం 53.

మర్నాడు ఆల్ప్ దుయెజ్. ఇరవయ్యొక్క మలుపుల ఘాటు. గిమార్ ఫిన్యోన్ జట్టు కారుల ఎనక వస్తున్నడు, పెంచినోడు కదా, లెమాండ్ భుజాలు ఊగుడు చూడంగనే మనిషి ఖాళీ అయ్యిండని పట్టుకున్నడు. ఫిన్యోన్‌కు చెప్పిండు. ఇంక నాలుగు కిలోమీటర్లుందనంగ ఫిన్యోన్ లేచి తొక్కిండు. ఆ కొద్ది దూరంల 79 సెకన్లు! ఇప్పుడు ఫిన్యోన్ 26 ముందు. తెల్లారి విల్లార్ కాడ గెలిచి ఇంకో 24 కలిపిండు. యాభై.

మిగిలింది ఆఖరి రోజు, జులై 23. వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు, భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయినంత. ఒక్కొక్కడే తొక్కాలె. అంత కొంచెం దూరంల యాభై సెకన్లు ఎవలు తీస్తరు? పందెం అయిపోయినట్టే అనుకున్నరు. కానీ ఫిన్యోన్‌కు సీటు తగిలే కాడ పుండైంది. కూసుంటే మంట, పడుకుంటే నిద్ర లేదు. బయటికి చెప్పుకోలేదు.

లెమాండ్ హ్యాండిలుకు ముందటికి రెండు కొమ్ములు పెట్టిచ్చిండు. మోచేతులు వాటి మీద ఆనిచ్చి, చేతులు దగ్గరికి పెట్టి వంగితే గాలి తక్కువ తగుల్తది. నెత్తికి గాలిని చీల్చే టోపీ. ఫిన్యోన్ నెత్తికి ఏం లేదు, పిలక ఎగురుతనే ఉండె. లెమాండ్ తన కారోళ్లకు ముందే చెప్పిండట, నాకు దారిల టైము చెప్పొద్దని. తల దించి తొక్కుడే. 26 నిమిషాల 57 సెకన్లు, గంటకు 54 కిలోమీటర్ల మీద. గమ్యం కాడ నిలబడి గడియారం చూస్తున్నడు. ఫిన్యోన్ 27 నిమిషాల 47 సెకన్ల లోపల రావాలె. షాంజెలిజే వీధిల కనపడ్డడు, కంచెవారకు ఊగుతున్నడు, గడియారం 47 దాటింది. 27 నిమిషాల 55. గీత దాటి కింద కూలబడ్డడు.

ఆ కొమ్ముల హ్యాండిలే గెలిపిచ్చిందని చానమంది అంటరు. సైకిళ్ల పని చేసినోణ్ణి, వస్తువు విలువ నాకు తెలుసు, అది పనిచేసిన మాట నిజం. కానీ ఆ హ్యాండిలు రెన్ ఊరి కాడనే అందరు చూసిండ్రు, రెండు వారాల ముందట. దాచింది కాదు, దొంగిలించింది కాదు. ఆ రోజు తొక్కినోళ్లందరిల మూడో వేగం ఫిన్యోన్‌దే. పుండుతోని! ఆయన ఓడిపోయేటట్టు తొక్కలేదు. సూపర్‌బాన్యేర్‌ల ఇంకో తొమ్మిది గుంజినా, బ్రియాన్సోన్ కాడ తొమ్మిది కాపాడుకున్నా ఆయనే గెలిచేటోడు. లెమాండ్ కూడ ఆల్ప్ దుయెజ్ ఆఖరి మలుపులల్ల పూర్తిగ చేతులెత్తేసి ఉంటే పారిస్‌ల ఏ హ్యాండిలూ కాపాడకపోయేది. ఆ దమ్ము ఖాళీ అయిన నాలుగు కిలోమీటర్లు, గుండెల సీసం పెట్టుకొని, ఇంకో సెకను, ఇంకో సెకను అని తొక్కిండు చూడండి, నా లెక్కల పందెం గెలిచింది అక్కడ.

లెమాండ్ మరుసటేడు కూడ గెలిచిండు. ఫిన్యోన్‌ను మాత్రం జనం ఎనిమిది సెకన్ల మనిషిని చేసిండ్రు, అది నాకు నచ్చదు. రెండుసార్లు గెలిచినోడాయన. 1992ల, అంత దెబ్బ తిన్న మూడేండ్లకు, అదే పందెంల ఒక రోజు గెలిచిండు. 2010 జులైల క్యాన్సర్ గొంతును పట్టి బొంగురు చేసినా, ఫ్రాన్సు టీవీల మైకు ముందట కూసొని పందెం చెప్పిండు. ఆగస్టు 31న పోయిండు. యాభై ఏండ్లు.