ఆదోని పత్తి, ప్రపంచ విపణి: వర్తక సంస్థల వ్యూహం, రైతు జాగ్రత్త (1861-1934)

వ్యాస సంగ్రహం:

మంత్రాలయం, ఆదోని, ఆలూరు ప్రాంతాల నల్లరేగడిలో పండే పత్తి పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ప్రపంచ విపణి సరుకుగా మారింది. విదేశీ వర్తక సంస్థలు లోతట్టు ప్రాంతాలకు విస్తరిస్తున్నప్పుడు ఎదురైన నష్టభయాన్ని ఏయే నిర్వహణ పద్ధతులతో తగ్గించుకొన్నాయి, అదే నష్టభయాన్ని మెట్టరైతు ఏ విధంగా ఎదుర్కొన్నాడు అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆదోని, మంత్రాలయం, పత్తి వర్తకం, దత్తమండలం, రైలుమార్గం, ముందస్తు ఒప్పందాలు, మార్కెట్ చట్టం.

1. ప్రవేశిక

ప్రపంచ విపణిలోకి కంపెనీల విస్తరణను ఇటీవలి పరిణామంగా భావించడం పరిపాటి. అయితే రాయలసీమ మెట్టపొలానికి ఈ అనుభవం కొత్తది కాదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించిన దత్తమండలంలో ఆదోని ఒక ముఖ్య కేంద్రం. నేటి మంత్రాలయం, అంటే నాటి మంచాల గ్రామం, ఆదోని పాలనా పరిధిలోనిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉండేది. అందువల్ల ఈ ప్రాంతపు పత్తి చరిత్ర బళ్ళారి చరిత్రలో కలిసిపోయి, తెలుగు పరిశోధనలో తగినంతగా చర్చకు రాలేదు.

2. రైలుకు ముందు, రైలు తరువాత

ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులకు ప్రధానంగా అమెరికా పత్తి ఆధారం. భారతీయ పత్తి పోగు పొట్టిది. పైగా అందులో ఆకు, మట్టి కలిసి ఉండేవి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై దక్షిణ రాష్ట్రాల రేవులు దిగ్బంధమయ్యాక లాంకషైర్ భారతదేశం వైపు చూసింది. మద్రాసు రాజధానిలో పత్తిసాగు గురించి టాల్‌బాయ్స్ వీలర్ రాసిన కరదీపిక 1862లో వెలువడడం ఆనాటి ఆసక్తికి నిదర్శనం. ధరలు అనేక రెట్లు పెరిగాయి. 1865లో యుద్ధం ముగియగానే అంతే వేగంగా పడిపోయాయి. బొంబాయి షేర్ల బజారు కూడా ఆ ఏడే కుప్పకూలింది. వేల మైళ్ళ దూరంలోని యుద్ధం తమ పంట ధరను నిర్ణయించగలదని దక్కను రైతుకు స్పష్టంగా తెలిసివచ్చిన సందర్భమిది.

అంతవరకు దూది ఎద్దుబండ్ల మీద మద్రాసుకో, పడమటి తీరపు రేవులకో వెళ్ళేది. వదులుగా కట్టిన మూటలు దారిలో తడిసేవి, దుమ్ముపట్టేవి. 1871లో మద్రాసు రైల్వే వాయవ్యమార్గం గుంతకల్లు, ఆదోని మీదుగా తుంగభద్రను దాటి, రాయచూరు వద్ద బొంబాయి నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. నేడు భక్తులు దిగే మంత్రాలయం రోడ్డు స్టేషను ఈ మార్గంలోనిదే. 1869లో సూయజ్ కాలువ, 1870లో బొంబాయి, లండన్‌ల మధ్య సముద్రగర్భ తంతి ఏర్పడ్డాయి. ఈ మూడూ రెండేళ్ళ వ్యవధిలో సమకూరడం వర్తక సంస్థల పనితీరునే మార్చివేసింది.

3. వర్తక సంస్థల వ్యూహం

గ్రీకు మూలాలున్న రాలీ బ్రదర్స్ 1851లో కలకత్తాలో శాఖ తెరిచింది. స్విట్జర్లాండుకు చెందిన వోల్కార్ట్ బ్రదర్స్ అదే సంవత్సరం వింటర్‌టూర్, బొంబాయి నగరాలలో ఏకకాలంలో ప్రారంభమైంది. రేవుపట్టణాలలో కొని ఎగుమతి చేసే దశను దాటి, ఇటువంటి సంస్థలు క్రమంగా పత్తి పండే లోతట్టు ప్రాంతాలలో ఏజెన్సీలు నెలకొల్పాయి. వాటి నిర్వహణ పద్ధతిలో మూడు అంశాలు ప్రధానమైనవి.

మొదటిది, పంట పండేచోటనే శుద్ధి. గింజపత్తి బరువులో సుమారు మూడో వంతే దూది. జిన్నింగు పంట దగ్గరే జరిగితే గింజల రవాణా ఖర్చు మిగులుతుంది. ఆవిరి ప్రెస్సులో బిగించిన బేలు ఓడలో తక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆదోని జిన్నింగు, ప్రెస్సింగు కేంద్రంగా ఎదగడానికి ఇదే కారణం.

రెండవది, శ్రేణీకరణ. బళ్ళారి, ఆదోని వైపు సరుకు ‘వెస్టర్న్స్’గా, నంద్యాల, కర్నూలు, కడప వైపు సరుకు ‘నార్తర్న్స్’గా వర్తకంలో స్థిరపడ్డాయి. పోగు పొడవు, రంగు, చెత్త, తేమలను బట్టి ధర నిర్ణయమయ్యేది. సరుకును చూడకుండానే లివర్‌పూల్‌లో కొనగలిగే వీలును ఈ పేర్లు కల్పించాయి. అయితే ఏ ఊరి రైతు ఎంత శ్రద్ధతో ఏరిన పత్తి అన్న వివరం బేలులోకి చేరగానే మాయమయ్యేది.

మూడవది, ముందస్తు ఒప్పందం. ఇక్కడ సరుకు కొన్న సంస్థ అంతే పరిమాణాన్ని రాబోయే నెలకు లివర్‌పూల్‌లో కాగితం మీద అమ్మేది. ఓడ చేరేలోపు ధర పడిపోతే సరుకు మీద వచ్చే నష్టాన్ని కాగితం మీది లాభం చాలావరకు పూడ్చేది. తంతి లేకుండా ఈ పద్ధతి సాధ్యం కాదు. ఆ విధంగా సంస్థ లాభం ధర హెచ్చుతగ్గుల మీద కాక, కొనుగోలు నైపుణ్యం మీద ఆధారపడింది.

4. రైతు జాగ్రత్త

రైతుకు లివర్‌పూల్ ఒప్పందం లేదు. అతని రక్షణ చేనులోనే ఉంది. ఈ ప్రాంతంలో పత్తిని కొర్రతో కలిపి సాళ్ళుగా విత్తడం వాడుక. కొర్ర ముందుగా కోతకు వచ్చి ఇంటి తిండికి ఆసరా అవుతుంది. లోతుగా వేరూనిన పత్తి ఆ తరువాత డబ్బు తెస్తుంది. వర్తక సంస్థ కాగితం మీద చేసిన పనిని రైతు నేల మీద చేశాడు. ధర పడితే కొర్ర, వాన తప్పితే ఏదో ఒకటి అన్నది అతని లెక్క.

అయితే ఈ రెండు రక్షణలకు ఒక మౌలిక భేదం ఉంది. సంస్థది ధరకు సంబంధించిన భయం. రైతుకు ధరతో పాటు వాన భయమూ ఉంది. 1876లో రెండు రుతుపవనాలూ విఫలమైనప్పుడు పత్తీ కొర్రా కలిసే ఎండిపోయాయి. 1876-78 కరవుకు మద్రాసు రాజధానిలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి, కర్నూలు, కడప ఉన్నాయి. రైలుమార్గం వేసి అప్పటికి అయిదేళ్ళే. పత్తిని తీసుకుపోయిన బండ్లే ధాన్యాన్ని తెచ్చాయి. కాని కొనడానికి చేతిలో డబ్బులేని కుటుంబానికి స్టేషనులో దిగిన ధాన్యం అందుబాటులో లేదు.

5. చరిత్రకారుల చర్చ, మార్కెట్ చట్టం

ప్రపంచ విపణి లాభం గ్రామంలో ఎవరికి చేరింది? బండ్లు, నిల్వ, అప్పు తమ చేతిలో ఉన్న కొద్దిమంది పెద్దరైతులే మెట్టప్రాంతంలో మార్కెట్టును శాసించారని డేవిడ్ వాష్‌బ్రూక్ వాదించారు. బళ్ళారి జిల్లా ఆధారాలతో బ్రూస్ రాబర్ట్ దీనిని పునఃపరిశీలించి, చిన్నరైతుకు సైతం అప్పూ విపణీ అందుబాటులో ఉన్నాయని ప్రతిపాదించారు. ఈ రెండు వాదాలూ గ్రామంలోని అధికారాన్నే కొలిచాయి. ధర నిర్ణయమయ్యే చోటు గ్రామానికి వెలుపల ఉందన్న అంశాన్ని కూడా దీనికి జోడించవలసి ఉంది.

ఇరవయ్యో శతాబ్దిలో జపాన్ మిల్లులు భారతీయ పొట్టిపోగు పత్తికి ప్రధాన కొనుగోలుదారులయ్యాయి. 1933లో వస్త్ర దిగుమతి సుంకాల వివాదంలో జపాన్ మన పత్తిని బహిష్కరించింది. 1934 ఒప్పందంలో జపాన్ వస్త్రాల దిగుమతి పరిమితిని ఆ దేశం కొనే పత్తి బేళ్ళ సంఖ్యతో ముడిపెట్టారు. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడిన విపణి ఎంత బలహీనమైనదో ఈ సంఘటన తెలుపుతుంది.

అదే 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ చట్టం వచ్చింది. తూనికలు, దలాలి, అనధికార కోతల నియంత్రణ దాని లక్ష్యం. కాటా దగ్గరి మోసం రైతు కంటికి కనిపించేది. చట్టం దానిని పట్టుకోగలిగింది. దూరతీరాన నిర్ణయమయ్యే ధరను తాకే శక్తి దానికి లేదు.

6. ముగింపు

పై పరిశీలనవల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. విదేశీ వర్తక సంస్థల బలం పెట్టుబడిలోనే కాక, సమాచారం, శ్రేణీకరణ, ముందస్తు ఒప్పందం అనే నిర్వహణ సాధనాలలో ఉంది.

2. కొర్ర, పత్తి మిశ్రమసాగును కేవలం ఆచారంగా కాక, నష్టభయ నిర్వహణగా గుర్తించాలి.

3. సంస్థ తన ధరభయాన్ని విపణిలో మరొకరికి బదిలీ చేయగలిగింది. రైతు తన వానభయాన్ని ఎవరికీ బదిలీ చేయలేకపోయాడు.

ఆదోని యార్డులో నేటికీ పత్తి రాశులు పడుతున్నాయి. ప్రపంచ విపణిలో విస్తరణ విజయాన్ని సంస్థ లాభంతోనే కొలిచే నిర్వహణ చరిత్ర, ఆ విస్తరణలోని నష్టభయం చివరకు ఎవరి చేనులో మిగిలిందో కూడా లెక్కించినప్పుడే సమగ్రమవుతుంది.