చదివినట్టు రసీదు వేరే చిరునామా నుంచి వస్తే: కారణాలు, సరిచేసే మార్గాలు

ఒక కార్యాలయం తన నోటీసును గుత్తేదారు అధికారిక ఈమెయిల్‌కు పంపి, చదివినట్టు రసీదు కోరిందనుకుందాం. మర్నాడు రసీదు వచ్చింది. అయితే అది నోటీసు వెళ్లిన చిరునామా నుంచి కాక, ఎన్నడూ వినని ఒక వ్యక్తిగత చిరునామా నుంచి వచ్చింది. నోటీసు ఎవరికి అందినట్టు? దాన్ని తెరిచిందెవరు? ఖాతాలోకి ఎవరైనా చొరబడ్డారా? ఇలాంటి సందేహం కలిగినప్పుడు మొదట పరిశీలించాల్సింది ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ అమరికలనే. చాలా సందర్భాల్లో తేడాకు మూలం అక్కడే ఉంటుంది.

రసీదును ఎవరు రాస్తారు?

తపాలాలో అందినట్టు సంతకాన్ని తపాలా ఉద్యోగి తీసుకుంటారు. ఈమెయిల్‌లో అటువంటి మూడో వ్యక్తి లేరు. చదివినట్టు రసీదును లేఖ అందుకున్నవారి సాఫ్ట్‌వేరే తయారుచేసి పంపుతుంది. కనుక దానిపై ఏ చిరునామా కనిపించాలన్నది ఆ సాఫ్ట్‌వేర్‌లోని అమరికలపై ఆధారపడుతుంది.

ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ 2017లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 8098 అనే ప్రమాణం ఈ రసీదుల రూపాన్ని నిర్దేశిస్తుంది. ఎవరి తరఫున రసీదు వెళుతోందో వారి చిరునామానే 'ఫ్రమ్' వరుసలో ఉండాలని అది చెబుతుంది. సర్వర్లు పరస్పరం మార్చుకునే కవరు చిరునామాను మాత్రం ఖాళీగా ఉంచాలంటుంది. రసీదుకు మరో రసీదు, దానికి ఇంకొకటి పుట్టుకొస్తూ అంతులేని వలయం ఏర్పడకుండా ఈ ఏర్పాటు చేశారు. అందువల్ల సాంకేతిక వివరాల్లో కవరు చిరునామా ఖాళీగా కనిపిస్తే దాన్ని లోపంగా భావించనక్కరలేదు.

'అందినట్టు రసీదు' దీనికి భిన్నమైనది. దాన్ని సర్వర్ పంపుతుంది. 'పోస్ట్‌మాస్టర్', 'మెయిలర్-డీమన్' వంటి పేర్లు అందులో కనిపించడం సహజం. లేఖ పెట్టెకు చేరిందని మాత్రమే అది తెలుపుతుంది.

చిరునామా మారడానికి కారణాలు

మొదటిది, ఒకే అప్లికేషన్‌లో అనేక ఖాతాలు ఉండటం. లేఖ కార్యాలయ ఖాతాకు వచ్చినా, డిఫాల్టుగా ఎంచుకున్న వ్యక్తిగత ఖాతా నుంచి రసీదు వెళ్లే అవకాశం ఉంది.

రెండోది, ఏలియాస్ అని పిలిచే అదనపు చిరునామా. 'సమాచారం', 'ఫిర్యాదులు' వంటి పేర్లతో వచ్చే లేఖలు ఒక ఉద్యోగి ఖాతాలోకే చేరుతుంటాయి. ఆ అదనపు చిరునామాను అప్లికేషన్‌లో నమోదు చేయకపోతే రసీదు ఉద్యోగి అసలు చిరునామాతో వెళుతుంది.

మూడోది, ఫార్వర్డింగ్. పాత ఖాతాకు వచ్చిన లేఖ దానంతటదే కొత్త ఖాతాకు వెళ్లేలా ఏర్పాటు ఉంటే, రసీదు కొత్త ఖాతా నుంచి వస్తుంది.

నాలుగోది, పలువురు కలిసి వాడే ఉమ్మడి మెయిల్‌బాక్స్. అక్కడ లేఖను తెరిచిన ఉద్యోగి పేరు రసీదుపైకి రావచ్చు.

తేడా పంపినవారి వైపు కూడా ఉండవచ్చు. రసీదు ఎక్కడికి రావాలో లేఖలోని 'డిస్పోజిషన్-నోటిఫికేషన్-టు' అనే వరుస చెబుతుంది. అందులో పాత చిరునామా మిగిలిపోతే రసీదు అక్కడికే పోతుంది.

ఎలా పరిశీలించాలి?

రసీదును తెరిచి, లేఖ పూర్తి మూలరూపాన్ని చూపే సదుపాయాన్ని ఎంచుకోవాలి. అందులో రెండు వరుసలు ముఖ్యం. 'ఫైనల్-రెసిపియెంట్' అన్నది లేఖ చివరకు ఏ చిరునామాకు చేరిందో చెబుతుంది. 'ఒరిజినల్-మెసేజ్-ఐడీ' అన్నది రసీదు ఏ లేఖకు సంబంధించినదో తెలుపుతుంది. ఈ గుర్తింపు సంఖ్యను మనం పంపిన లేఖలోని సంఖ్యతో పోల్చి చూడాలి. రెండూ ఒకటే అయితే రసీదు ఆ లేఖను ఉద్దేశించినదేనని భావించవచ్చు. సరిపోలకపోయినా, రసీదులో అనుమానాస్పద లంకె ఉన్నా దాన్ని తాకకుండా, అవతలివారిని ఫోనులో సంప్రదించడం మేలు.

ఎలా సరిచేయాలి?

రసీదు పంపేవారు ముందుగా తమ అప్లికేషన్‌లో డిఫాల్టు ఖాతా ఏదో చూసుకోవాలి. థండర్‌బర్డ్ వాడేవారు ఖాతా అమరికల్లోని 'మేనేజ్ ఐడెంటిటీస్' ద్వారా అదనపు చిరునామాలను చేర్చుకోవచ్చు. 'రిటర్న్ రిసీట్స్' పుటలో ప్రతి ఖాతాకూ విడిగా నిబంధనలు పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో క్లాసిక్ అవుట్‌లుక్ వాడేవారు ఫైల్, ఆప్షన్స్, మెయిల్ వరుసగా తెరిచి, ట్రాకింగ్ విభాగంలో 'ప్రతిసారీ అడుగు' అన్న ఎంపిక చేసుకోవచ్చు. దీనివల్ల తెలియకుండా వ్యక్తిగత చిరునామా బయటికి పొక్కే ప్రమాదం తగ్గుతుంది. జీమెయిల్‌లో ఈ సదుపాయం సంస్థల, విద్యాలయాల ఖాతాలకే ఉంది. సాధారణ వ్యక్తిగత ఖాతాలకు లేదు.

మార్పు చేశాక మరో ఖాతా నుంచి పరీక్షగా ఒక లేఖ పంపి, వచ్చిన రసీదుపై చిరునామా సరిగా ఉందో లేదో చూడాలి. ఏలియాస్‌లు ఎక్కువగా ఉంటే ఒక్కోదానికీ విడిగా పరీక్షించాలి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం-2000లోని 12, 13 సెక్షన్లు ఈ విషయానికి సంబంధించినవి. రసీదు ఫలానా రూపంలోనే ఉండాలని పంపినవారు షరతు పెట్టనప్పుడు, అందుకున్నవారు ఏ విధంగా తెలియజేసినా, అది యాంత్రికంగా వెళ్లినదైనా, రసీదుగా చెల్లుతుందని 12వ సెక్షన్ చెబుతోంది. రసీదు అందితేనే లేఖ చెల్లుతుందని పంపినవారు ముందే షరతు పెడితే, అది రానంతవరకు లేఖ పంపనట్టే లెక్క. ఇక 13వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలు వేరుగా ఒప్పుకోని పక్షంలో, అందుకున్నవారు నిర్దేశించిన కంప్యూటర్ వనరులోకి లేఖ ప్రవేశించిన సమయమే అందిన సమయం. లేఖ అందిన సమయాన్ని లెక్కించడానికి దాన్ని తెరిచారా లేదా అన్నది అక్కడ కొలమానం కాదు.

ఈ కారణంగా గడువులు, చెల్లింపులు, నోటీసుల వ్యవహారాల్లో లేఖ ఏ చిరునామాకు పంపాలో ముందే రాతపూర్వకంగా ఖరారు చేసుకోవాలి. చదివినట్టు రసీదు రావడంతో సరిపెట్టుకోక, అందినట్టు రెండు మాటల జవాబు కోరాలి. రసీదు రాకపోయినంత మాత్రాన లేఖ చదవలేదని నిర్ధారించనూ కూడదు. రసీదు కోరడం పంపినవారి ఇష్టం, ఇవ్వడం, మానడం అందుకున్నవారి ఇష్టం.