‘నిఘా’: ఒక మాట ప్రయాణం

గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మస్జిదు శ్రీకాకుళంలో నేటికీ నిలిచి ఉంది. ఆనాటి పాలనలో పారసీకానికి పెద్దపీట. ఫౌజుదారు, జమాబందీ వలెనే ‘నిఘా’ కూడా పారసీకం నుండి మనకు దక్కిన మాటయే.

‘నిగాహ్’ అనగా చూపు. ‘నిగాహ్‌బాన్’ అనగా కాపరి. మూలంలో అనుమానం లేదు, సంరక్షణ ఉంది. 1969లో శ్రీకాకుళం ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు అక్కడి గిరిజనులకు తెలిసిన నిఘా వేరు. అది పోలీసు చూపు.

ఆంగ్లంలోని ‘సర్వైలెన్స్’ కథా ఇంతే. లాటిన్‌లో మేలుకొని ఉండటమనే అర్థం గల ధాతువు నుండి ఫ్రెంచిలో పుట్టింది. 1793లో విప్లవ ప్రభుత్వం ఊరూరా నిఘా సంఘాలు నెలకొల్పగా, అనుమానితుల వేటకు పేరైంది.

అరబ్బీ ఈ రెంటినీ వేరుగా ఉంచింది. ‘రఖీబ్’ అల్లాహ్ శుభనామాలలో ఒకటి. ఆ ధాతువు నుండే ‘మురాఖబా’, అనగా తన హృదయానికి తానే కావలి ఉండటం, వచ్చింది. ఇతరుల గుట్టు వెదకటం ‘తజస్సుస్’. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 12వ ఆయతు దానిని నిషేధించింది.

అనువాదకుడు రెంటికీ ‘నిఘా’ అని వ్రాస్తే, ఆజ్ఞాపించినదీ నిషేధించినదీ ఒకటైపోతాయి. ‘రఖీబ్’కు మన పల్లెమాటే తగును: కనిపెట్టుకొని ఉండేవాడు. బిడ్డను తల్లి కనిపెట్టుకొని ఉంటుంది; నిఘా వేయదు.