ఊడిన క్యాపూ, లవంగనూనె చరిత్రా

పోయిన సంక్రాంతికి నర్సీపట్నం వెళ్లాను. భోగి నాడు నువ్వుండ కొరికితే దవడపంటి క్యాప్ ఊడి చేతిలోకొచ్చింది. కనుమ దాటేదాకా డాక్టరు దొరకడు. మా బావ ఫెవిక్విక్ తెచ్చాడు, అమ్మ లవంగనూనె సీసా తీసింది.

ఇద్దరిలో అమ్మే చరిత్రకి దగ్గర! 1873లో చిజమ్ అనే ఆయన లవంగనూనెలో జింక్ ఆక్సైడ్ పొడి కలిపి ముద్ద చేశాడు. నూనెలోని యూజినాల్ జింక్‌ని పట్టేసుకుని గట్టిపడుతుంది (ఒట్టి నూనె అతకదు). క్యాప్‌ని తాత్కాలికంగా నిలపడానికి ఈ రకం సిమెంటు ఇప్పటికీ వాడతారు. దీని గొప్పతనం మరీ బలంగా అతక్కపోవడమే, మళ్లీ తియ్యాలి కదా... మన భాషలో రోల్‌బ్యాక్ ఉన్న ప్యాచ్ :-) శాశ్వతంగా అతికించడానికి జింక్ ఫాస్ఫేట్ ఉండేది. 1968లో మాంచెస్టర్‌లో డెనిస్ స్మిత్ పాలీకార్బాక్సిలేట్ చేశాడు, ఆ తర్వాత విల్సన్, కెంట్‌ల గ్లాస్ అయనోమర్ వచ్చింది.

ఫెవిక్విక్ కథ వేరు. దాంట్లోని సయనోయాక్రిలేట్ జాతి 1942లో కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందానికి తగిలింది. వాళ్లు వెతుకుతున్నది తుపాకీ గురి చూసుకునే ప్లాస్టిక్ కోసం. ఇదేమో అన్నిటికీ అతుక్కుపోతోందని పక్కన పడేశారు. నోట్లో పెడితే చిగురు కాలొచ్చు, క్యాప్ వంకరగా బిగిస్తే ఇక అంతే. బావ నమ్మలేదనుకోండి.

చివరికి మెడికల్ షాపులో కట్టుడుపళ్ల క్రీమ్ దొరికింది. క్యాప్ కడిగి, ఆరబెట్టి, లోపల కొంచెం రాసి, మెల్లిగా కొరికి సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నా. నిద్రలో మింగేస్తానేమోనని రాత్రిళ్లు తీసి డబ్బాలో పెట్టా. పండగయ్యాక విశాఖలో డాక్టరుగారు మొదట అడిగింది, "లవంగనూనె పెట్టారా?" అని. యూజినాల్ మిగిలితే రెజిన్ సిమెంటు సరిగా గట్టిపడదట!