కెప్లరు – ఎనిమిది కలల లెక్క

జర్మను దేశమునందలి వైల్ డెర్ స్టాట్ అను చిన్న పట్టణమున 1571వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన జోహాన్నెస్ కెప్లరు జన్మించెను. బాల్యముననే మశూచి సోకుటచే ఆయన చూపు మందగించెను. నక్షత్రములను స్పష్టముగా చూడజాలని ఆ బాలుడే పిమ్మట గ్రహగతుల మర్మమును లోకమునకు తెలిపెను.

ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున మేస్ట్లిన్ అను గురువు వలన, భూమియే సూర్యుని చుట్టును తిరుగుచున్నదను కోపర్నికసు సిద్ధాంతమును కెప్లరు గ్రహించెను. 1594లో గ్రాట్జు నగరమున గణితోపాధ్యాయుడయ్యెను. మతవైషమ్యముల వలన ఆ యూరు విడువవలసివచ్చి, 1600లో ప్రేగు నగరమున టైకో బ్రాహీ అను పండితుని చేరెను. దూరదర్శిని లేని ఆ దినములలో టైకో ఏండ్ల తరబడి ఆకాశమును పరిశీలించి గ్రహస్థానములను వ్రాసియుంచెను. 1601లో ఆయన గతింపగా ఆ లెక్కలు కెప్లరు చేతికి వచ్చెను.

గ్రహములు వృత్తములందే చరించునని పూర్వులు నమ్మియుండిరి. కెప్లరును అట్లే అంగారకుని గతిని గుణింపగా, టైకో వ్రాసిన స్థానమునకును తన గణితమునకును ఎనిమిది కలల భేదము కనబడెను. భాగలో అరువదవ వంతు కల. ఎనిమిది కలలనగా చంద్రబింబపు వెడల్పులో రమారమి నాలుగవ వంతు. ఆ కొంచెమును విడిచిపెట్టిన అడుగువాడు లేడు. అయినను టైకో పరిశీలనయందు అంత పొరపాటుండదని ఎరిగిన కెప్లరు, తాను శ్రమించి కట్టిన లెక్కనే త్రోసిపుచ్చి, ఏండ్ల కొలది మరల గుణించెను. తుదకు అంగారకుని మార్గము దీర్ఘవృత్తమనియు, సూర్యుడు దాని నాభులలో ఒకదానియందున్నాడనియు, గ్రహము సూర్యునకు చేరువైనపుడు వడిగను దూరమైనపుడు మెల్లగను నడచుననియు తేలెను. 1609లో ఈ సూత్రములను, 1619లో గ్రహముల దూరములకును పరిభ్రమణకాలములకును గల సంబంధమును తెలుపు మూడవ సూత్రమును ఆయన ప్రకటించెను.

ఇంతలో ఇంట ఆపద కలిగెను. తల్లి కేథరీనా మంత్రగత్తె యని కొందరు నిందమోపిరి. 1620లో ఆ వృద్ధురాలిని చెరలో నుంచి సంకెలలు వేసిరి. కెప్లరు స్వయముగా పోయి, సాక్షుల మాటలను ఒక్కొక్కటిగా పరీక్షించి ప్రతివాదము సిద్ధపరచి, 1621లో ఆమెను విడిపించుకొనెను.

1627లో రుడాల్ఫు చక్రవర్తి పేరిట గ్రహగణిత పట్టికలను అచ్చొత్తించెను. రావలసిన జీతపు బాకీ కొరకు రీగెన్స్‌బర్గు నగరమునకు పోయి, అచటనే 1630 నవంబరు 15న కాలధర్మము చెందెను. యుద్ధములలో ఆయన సమాధియు రూపుమాసెను. మరుసటి యేట, 1631 నవంబరు 7న, కెప్లరు ముందుగా తెలిపిన దినముననే బుధుడు సూర్యబింబము మీదుగా పోవుటను పారిసు నగరమున గాసెండీ అను విద్వాంసుడు కన్నులార చూచెను. ఎనిమిది కలలను ఉపేక్షింపని వాని లెక్క ఆ విధముగా సరిపోయెను.