డిస్కు మనది, తాళం ఎవరిది?

ఓసారి మా ప్లేస్టేషన్ 3లో చోటు చాలక, లాప్‌టాప్‌లోంచి తీసిన పెద్ద హార్డ్ డిస్కు బిగించాను. బ్యాకప్ తీసుకోవడానికి పట్టిన టైమే ఎక్కువ, బిగించడం పది నిమిషాల పని. ఇంత తేలికైన పనికి వెనక పెద్ద కథే ఉందండోయ్.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌లో వాడుకోడానికి ఉన్నది 8 జీబీ. లోపల ఉన్నది మన పీసీల్లో వాడిన ఐడీఈ డిస్కే! కానీ దానికి ఏటీఏ పాస్‌వర్డ్ వేశారు. దాని కీ మదర్‌బోర్డు మీది ఈఈప్రామ్‌లో దాచారు. కొత్త డిస్కు ఊరికే తగిలిస్తే బూట్ అవదు. మోడ్‌చిప్పో, సాఫ్ట్‌వేర్ కిటుకో ఉండాల్సిందే.

2005 నాటి ఎక్స్‌బాక్స్ 360లో డిస్కు చిటికెలో ఊడొచ్చేది. లోపలిది మామూలు సాటా డిస్కే, కానీ మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన సెక్టర్ లేకపోతే కన్సోల్ దాన్ని ఒప్పుకోదు. విడిగా కొంటే 20 జీబీకి దాదాపు 100 డాలర్లు!

2006లో సోనీ రూటు మార్చింది. మామూలు 2.5 అంగుళాల సాటా డిస్కు చాలంది, మార్చే పద్ధతీ తనే చెప్పింది. అలాగని తాళం తీసేసిందనుకునేరు. డిస్కు మీది డేటాని ఆ కన్సోల్ సొంత కీతో ఎన్‌క్రిప్ట్ చేసింది.

నా పాత డిస్కు ఇంకా సొరుగులోనే ఉంది. పీసీకి తగిలిస్తే ఒక్క ఫైలూ కనబడదు. డబ్బు నాది, ఆడింది నేను, సేవ్ చేసుకున్నది నేను. చదివే హక్కు మాత్రం ఆ పెట్టెకే. దీన్ని కొనుక్కోవడం అనాలా, అద్దెకుండటం అనాలా? మీరే చెప్పండి.